అత్తయ్య నడవగలిగే దారులు

ఊరి బయట గుట్ట మీదికి వెళ్ళే కాలిబాట మొదట్లో ఒక బోర్డు ఉంటుంది. దాని మీద ‘సులభం, 3 కిలోమీటర్లు’ అని రాసి ఉంటుంది. ఆ బోర్డును నమ్మి ఒక ఆదివారం పొద్దున మేం అయిదుగురం బయలుదేరాం. నేను, మా ఆయన, 9 ఏళ్ళ బాబు, 5 ఏళ్ళ పాప, 66 ఏళ్ళ అత్తయ్య. తొమ్మిదిన్నరకు నడక మొదలుపెట్టాం. పదకొండుకల్లా మళ్ళీ కారు దగ్గర ఉంటామని నా లెక్క.

తిరిగి కారు దగ్గరికి వచ్చేసరికి రెండుంపావు అయింది. ఎక్కేటప్పుడు అంతా బాగానే ఉంది. దిగేటప్పుడే ఇబ్బంది మొదలైంది. దారిలో చాలా మేర రాతి మెట్లే. ఒక్కో మెట్టు ఇంచుమించు నా మోకాలి ఎత్తు ఉంది. నాకూ మా ఆయనకూ అది పెద్ద విషయం కాదు. పాపను ఎత్తి దించాం. అత్తయ్య మాత్రం ప్రతి మెట్టు దగ్గరా ఆగి, చెయ్యి దేనికైనా ఆనించి, ఒక కాలు దించి, రెండో కాలు దాని పక్కకు తెచ్చుకుని, మళ్ళీ ఆగి, అలా దిగారు. రెండు చోట్ల కూర్చుని జరగాల్సి వచ్చింది. తెచ్చుకున్న నీళ్ళు సగం దారిలోనే అయిపోయాయి. బాబు ముందుకు పరిగెత్తి వెళ్ళిపోతుంటే మా ఆయన వాడి వెనక, నేను అత్తయ్య పక్కన, పాప నా చంకలో.

ఆ సాయంత్రం అత్తయ్య మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ, “ఈసారి నుంచి మీరు వెళ్ళి రండమ్మా, నేను ఇంటి దగ్గర ఉంటాలే” అన్నారు. కోపంగా అనలేదు. మామూలుగా అన్నారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మా అందరిలో చెట్లంటే ప్రాణం ఉన్నది ఆవిడకే. ఆ రోజు ఎక్కేటప్పుడు పాపకు ఒక్కో ఆకూ నలిపి వాసన చూపిస్తూ నడిచింది ఆవిడే. అలాంటి మనిషిని ఇంట్లో వదిలేసి మేం అడవికి వెళ్ళడం ఏమిటి అనిపించింది. ఊరి చుట్టూ ఇన్ని కాలిబాటలు ఉన్నాయి, వాటిలో ఆవిడ నడవగలిగేది ఒక్కటైనా ఉండదా?

ఆ ప్రశ్నతో మొదలుపెట్టిన పని నాకు దాదాపు మూడు నెలలు పట్టింది. ఏం చేశానో, ఎక్కడ తప్పు చేశానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇంట్లో చిన్నపిల్లలో, పెద్దవాళ్ళో ఉండి నడవాలని ఆశ ఉన్నవాళ్ళకు పనికొస్తుందని.

ముందు ఆ బోర్డు దగ్గరికే మళ్ళీ వెళ్ళాను. 3 కిలోమీటర్లు అంటే పైదాకా వెళ్ళడానికి మాత్రమే. రానూపోనూ 6. ఎంత ఎత్తు ఎక్కాలో ఆ బోర్డు మీద లేనే లేదు. అసలు చూడాల్సింది అదేనని అప్పటికి నాకు తెలియదు. ఎత్తు సంగతి చదువుతుంటే ఒక పాత లెక్క దొరికింది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పినది. గంటకు 3 మైళ్ళ చొప్పున నడక, ఎక్కే ప్రతి 2000 అడుగులకూ అదనంగా ఇంకో గంట. మన కొలతల్లో సుమారుగా గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 10 మీటర్లకూ ఇంకో నిమిషం అనుకోవచ్చు.

కాగితం మీద వేసి చూశాను. మేం నడిచింది 6 కిలోమీటర్లు, అంటే 72 నిమిషాలు. ఎక్కింది 240 మీటర్లు, అంటే 24 నిమిషాలు. మొత్తం 96. ఇది ఒంట్లో సత్తువ ఉండి, మధ్యలో ఆగకుండా నడిచే పెద్దవాళ్ళ లెక్క. మాకు పట్టింది 285 నిమిషాలు. దాదాపు మూడు రెట్లు! ఆ అంకె చూశాక నాకు చాలా తేలికైంది. తప్పు అత్తయ్యది కాదు, పాపది కాదు. దారికి ఇవ్వాల్సిన సమయం మేం ఇవ్వలేదు. అప్పటినుంచి ఏ దారికైనా నైస్మిత్ లెక్క వేసి దాన్ని మూడుతో గుణిస్తాను. అది మా ఇంటి లెక్క. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయిన ఇంట్లో రెండుతో గుణిస్తే సరిపోవచ్చు. రెండు మూడు సార్లు నడిచి గడియారం చూసుకుంటే ఎవరి అంకె వాళ్ళకు తెలిసిపోతుంది.

ఎత్తు ఎంతో తెలుసుకోవడానికి మ్యాప్ చదవడం నేర్చుకోవాల్సి వచ్చింది. బడిలో భూగోళశాస్త్రంలో సమోన్నత రేఖలు అని చదివాం గుర్తుందా? ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు. అప్పట్లో పరీక్ష కోసం బట్టీపట్టి మర్చిపోయాను. ఇప్పుడు అవే నాకు ఆధారం. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు వాలు. దూరందూరంగా ఉంటే నెమ్మదైన వాలు. గీతకూ గీతకూ మధ్య ఎన్ని మీటర్ల తేడానో మ్యాప్ అంచున రాసి ఉంటుంది, ముందు అది చూడాలి. మొదటిసారి నేను 20 మీటర్ల గీతల్ని 10 మీటర్లవి అనుకుని ఒక గుట్టను సగం ఎత్తుగా లెక్కేశాను. అదృష్టం కొద్దీ అక్కడికి ఒంటరిగా వెళ్ళాను.

మ్యాప్ కోసం నేను వాడింది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పనిచేసే ఒక ఫోన్ యాప్. 2004లో మొదలైన ఆ మ్యాప్‌ను ప్రపంచమంతా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు గీస్తున్నారు. కార్లకు పనికిరాని చిన్న చిన్న కాలిబాటలు కూడా అందులో చాలా ఉంటాయి. ఇంట్లో ఉండగానే మా ఊరి చుట్టుపక్కల భాగాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి మనం ఎక్కడున్నామో కనిపిస్తూనే ఉంటుంది. నడిచేటప్పుడు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడతాను. సిగ్నల్ అందని చోట ఫోన్ టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ ఖాళీ చేసుకుంటుంది.

కానీ మ్యాప్‌లో ఎంత వెతికినా కనిపించనిది ఒకటుంది. కాలి కింద ఏముందో అది చెప్పదు. మోకాలి ఎత్తు రాతి మెట్టు, జారే గులకరాళ్ళు, వేర్లు పైకి లేచిన నేల, ఇవేవీ గీతల్లో ఉండవు. అత్తయ్యను ఇబ్బంది పెట్టింది మ్యాప్‌లో లేని ఆ మెట్లే. అందుకే ఏ దారికైనా ముందు నేనొక్కదాన్నే వెళ్ళి నడిచి రావాలని నిర్ణయించుకున్నాను.

పిల్లలు బడికి వెళ్ళిన పొద్దుల్లో, రెండు నెలల్లో ఏడు దారులు నడిచాను. వెళ్ళే ముందు ప్రతిసారీ ఏ దారిలో వెళ్తున్నానో, ఎన్ని గంటలకు తిరిగొస్తానో మా ఆయనకు రాసి పెట్టి వెళ్ళేదాన్ని. ఆ సమయం దాటి గంటయినా నా నుంచి కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులోనే రాసేదాన్ని. ఆయన మొదట్లో “ఊరి పక్కనేగా, ఇదంతా అవసరమా” అన్నారు. అవసరమే. చీలమండ బెణికితే ఊరికి రెండు కిలోమీటర్ల దూరం కూడా చాలా దూరమే.

ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. నీడ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుంది. కూర్చోవడానికి బల్లగానీ, సరైన ఎత్తు బండగానీ ఎక్కడుంది. దారి ఎక్కడెక్కడ చీలుతుంది. ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుంది. ఓపిక అయిపోతే రోడ్డు మీదికి త్వరగా చేరే అడ్డదారి ఉందా. మెట్లుంటే ఎంత ఎత్తు. ఇది కొలవడానికి టేపు అక్కర్లేదు. నా పిక్క సగం దాకా వస్తే అత్తయ్యకు కష్టం, చీలమండ దాటి కాస్త పైకి ఉంటే ఫరవాలేదు. ఇంటి మెట్ల మీద ఆవిడ ఎలా దిగుతారో చూసి పెట్టుకున్న గుర్తు అది.

ఏడింటిలో మూడు వదిలేశాను. ఒకదానిలో ఒక పక్క లోయ, పాప చెయ్యి పట్టుకుని ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు లేదు. ఇంకోదానిలో వాలు మీద చిన్న గులకరాళ్ళు, వేసిన ప్రతి అడుగూ జారింది. మూడోది ఎండిపోయిన వాగులోంచి వెళ్తుంది. చూడ్డానికి అన్నిటికంటే అందమైన దారి అదే. తెల్లటి ఇసుక, రెండు వైపులా గట్లు, చల్లటి గాలి. దాన్ని వదులుకోవడం నాకు చాలా కష్టమైంది. కానీ పైన ఎక్కడో కొండల్లో వాన పడితే మన నెత్తిన ఆకాశం తెల్లగా ఉన్నప్పుడే వాగులోకి నీళ్ళు రావచ్చు. పిల్లలతో, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషితో ఆ గట్లు త్వరగా ఎక్కలేం.

మిగిలినవి నాలుగు. చెరువుకట్ట చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చే 2.2 కిలోమీటర్ల దారి. రైళ్ళు ఆగిపోయాక పట్టాలు తీసేసిన పాత రైలు దారి. అడవిలో సెలయేటి పక్కన వెళ్ళే బాట. మెలికలు తిరుగుతూ ఒక చిన్న గుట్ట ఎక్కే దారి.

అత్తయ్యను ఒప్పించడం అన్నిటికంటే కష్టమైన పని.

“అత్తయ్యా, ఈసారి ఎక్కుడు లేదు, మెట్లు లేవు. నేను రెండుసార్లు నడిచి చూశాను. సగంలో బల్ల కూడా ఉంది.”

“నా కోసం మీరంతా ఆగి ఆగి నడవాలి. పిల్లలకు విసుగమ్మా.”

“ఈసారి మీరే ముందు నడుస్తారు. మేం మీ వెనక వస్తాం.”

ఊరికే ఒప్పించడానికి అన్న మాట కాదు అది. మొదటిరోజు జరిగిందేమిటో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. త్వరగా నడిచేవాళ్ళు ముందు వెళ్ళి, ఒకచోట కూర్చుని, వెనకవాళ్ళ కోసం చూస్తారు. వెనకవాళ్ళు ఆయాసపడుతూ అక్కడికి చేరగానే “వచ్చారా, పదండి” అని లేస్తారు. కూర్చుని సేదతీరింది ఓపిక ఉన్నవాళ్ళు. ఓపిక లేనివాళ్ళకు ఒక్క నిమిషం కూడా విశ్రాంతి లేదు. అందుకే వరస మార్చాం. ముందు అత్తయ్య, ఆవిడ చెయ్యి పట్టుకుని పాప, తర్వాత బాబు, నేను, చివర మా ఆయన. అత్తయ్య ఆగితే అందరం ఆగుతాం. వేగం ఆవిడది.

చెరువుకట్ట దారికి మా ఇంటి లెక్క ప్రకారం 80 నిమిషాలు. నడిచి వచ్చేసరికి సరిగ్గా గంటా ఇరవై అయింది! కారెక్కాక అత్తయ్య “అప్పుడే అయిపోయిందా” అన్నారు. ఆ మాట విని నాకు కళ్ళు చెమర్చాయి.

రెండోసారి పాత రైలు దారి. కుటుంబంతో నడవడం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇలాంటిది దగ్గర్లో ఉంటే మొదట దాన్నే చూడమంటాను. రైలు నిటారు వాలు ఎక్కలేదు. అందుకే రైలుమార్గం వేసేటప్పుడు గుట్టను తవ్వి, పల్లాన్ని మట్టితో నింపి, సాధ్యమైనంత చదునుగా చేస్తారు. పట్టాలు పోయినా ఆ చదును అలాగే ఉంటుంది. స్పెయిన్‌లో 1993 నుంచి ఇలాంటి పాత మార్గాలను ఒక పథకంగా నడక దారులుగా, సైకిల్ దారులుగా మారుస్తూ వస్తున్నారు. మా ఊరి దగ్గరిది ఎవరూ ప్రత్యేకంగా బాగుచేసింది కాదు. కంకర అక్కడక్కడా మిగిలే ఉంది. అయినా తోపుడు బండిలో పసిపిల్లను కూర్చోబెట్టి తీసుకెళ్తున్న వాళ్ళు మాకు ఆ రోజు కనిపించారు. వాడకంలో ఉన్న పట్టాల మీద, వాటి పక్కన మాత్రం ఎప్పుడూ నడవకూడదు. ఆ తేడా పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి.

ఆ దారిలోనే బాబుకు పొద్దు ఎంత మిగిలిందో చూడటం నేర్పాను. చెయ్యి ముందుకు చాచి, వేళ్ళు అడ్డంగా పెట్టి, సూర్యుడికీ నేల అంచుకూ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో లెక్కపెట్టాలి. ఒక్కో వేలికీ సుమారు పావుగంట. సూర్యుడి వైపు నేరుగా చూడకుండా, వేళ్ళను దాని కిందికి తెచ్చి లెక్కపెట్టమన్నాను. వాడు దారంతా అదే పని.

పిల్లల విషయంలో నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, వాళ్ళకు గుట్ట శిఖరం అక్కర్లేదు. మనం ‘పైదాకా వెళ్ళాలి’ అనుకుంటాం. పాపకు చీమల బారు చాలు. మూడు నిమిషాలకోసారి ఆగేది. మొదట్లో “పద పద” అని తొందరపెట్టేదాన్ని, ఇద్దరికీ చిరాకు వచ్చేది. ఆగడం కూడా నడకలో భాగమే అనుకుని సమయం ఇచ్చాక గొడవే లేదు. ఆకలి అయ్యాక తినిపించడం కంటే ముప్పావుగంటకోసారి కొంచెం కొంచెం పెట్టడం మేలు. పాప ఏడుపుల్లో సగం అలసట వల్ల కాదు, ఆకలి వల్ల. నీళ్ళు పెద్దవాళ్ళకు గంటకు అర లీటరు చొప్పున లెక్కేసి, ఎండగా ఉంటే ఇంకా ఎక్కువ పెట్టుకుంటాను.

బూట్ల గురించి ఒక్క మాట. కొత్తవి వేసుకుని నేరుగా దారి మీదికి వెళ్ళకండి. వారం రోజులు ఇంట్లో, వీధిలో తిరగాలి. నూలు సాక్సు చెమటకు తడిసి తొందరగా ఆరదు, ఆ తడికి చర్మం ఒరుసుకుని పొక్కులొస్తాయి. పాదంలో ఎక్కడైనా మంటగా అనిపించిన క్షణంలోనే ఆగి ప్లాస్టర్ వేయాలి. “ఇంటికెళ్ళాక చూద్దాం” అంటే అప్పటికి పొక్కు లేస్తుంది.

సెలయేటి దారిలో జరిగింది చెప్పాలి.

అక్కడ నీళ్ళ చప్పుడు ఎక్కువ. ఒకచోట దారి రెండుగా చీలుతుంది. అది నా నోట్‌బుక్‌లో ఉంది కూడా. పాప చెప్పు తెగితే కూర్చుని కడుతున్నాను. అత్తయ్య, మా ఆయన నా పక్కనే ఉన్నారు. తలెత్తేసరికి బాబు లేడు. పిలిచాను. నీళ్ళ చప్పుడులో నా గొంతు నాకే సరిగా వినపడలేదు. టెన్షన్‌తో కాళ్ళు ఆడలేదు. మా ఆయన కుడి వైపు దారిలోకి పరుగెత్తారు. నేను చీలిక దగ్గరే నిలబడ్డాను. ఆరేడు నిమిషాలు అలాగే. తర్వాత ఎడమ వైపు నుంచి ఈల వినపడింది. మూడుసార్లు. కాస్త ఆగి మళ్ళీ మూడుసార్లు.

వాడు ఎడమ దారిలో వంద అడుగులు వెళ్ళి, వెనక్కి చూస్తే మేం కనపడక, అక్కడే ఒక పెద్ద చెట్టు మొదలు పట్టుకుని నిలబడిపోయాడు. కదల్లేదు. మమ్మల్ని వెతుక్కుంటూ ముందుకు వెళ్ళలేదు. ఏడుస్తూనే ఈల ఊదాడు.

దారి తప్పితే అలా ఆగిపోవాలని వాడికి నెల ముందు నేర్పాను. 1981లో అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో 9 ఏళ్ళ బాబు ఒకడు కుటుంబంతో వెళ్ళి దారి తప్పాడు. చాలామంది కలిసి రోజుల తరబడి వెతికారు. ప్రాణాలతో దొరకలేదు. ఆ గాలింపులో పాల్గొన్నవాళ్ళే ఆ తర్వాత ‘చెట్టును పట్టుకో’ అని పిల్లలకు నేర్పే కార్యక్రమం మొదలుపెట్టారు. తప్పిపోయామని తెలియగానే దగ్గర్లో ఉన్న చెట్టు దగ్గరే ఆగిపోవాలి, ఎవరో ఒకరు వచ్చేదాకా కదలకూడదు. అంతే. కదిలే పిల్లవాణ్ణి వెతకడం చాలా కష్టం, ఆగి ఉన్నవాణ్ణి వెతకడం సులువు. మా బాబుదీ అదే వయసు కావడంతో అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ఇద్దరి మెడల్లోకీ రెండు ఈలలు కొన్నాను.

మూడు ఈలలు అంటే చాలా చోట్ల ‘సాయం కావాలి’ అని గుర్తు. ఆల్ప్స్ పర్వతాల్లో, బ్రిటన్‌లో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు ఊదడం పద్ధతి. గొంతు అరిచి అరిచి బొంగురుపోతుంది. ఈలకు ఆ బాధ లేదు, దూరం కూడా ఎక్కువ వెళ్తుంది. ఈ సంఘటన తర్వాత ఇంకో నియమం పెట్టుకున్నాం. దారి చీలిన ప్రతిచోటా అందరూ చేరేదాకా ఎవరూ ముందుకు వెళ్ళకూడదు. ఈ మాట ముందు నుంచీ పెట్టుకోవాల్సింది. పొరపాటు నాదే.

అడవిలో చిన్నపిల్లలకు వచ్చే ఇంకో అవసరం గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. ఒక చిన్న తాపీ లాంటి పనిముట్టు సంచిలో పెట్టుకుంటాం. నీళ్ళకూ దారికీ కనీసం 60 మీటర్ల దూరం వెళ్ళి, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి, అయ్యాక మట్టి కప్పేయాలి. వాడిన కాగితం కవర్లో కట్టి వెనక్కి తెచ్చేసుకుంటాం. పళ్ళ తొక్కలు కూడా అక్కడ వదలం. ‘మట్టిలో కలిసిపోతాయిలే’ అనుకుంటాం గానీ తొందరగా కలవవు, జంతువులు వాటికి అలవాటుపడి దారి దగ్గరికి వస్తాయి. ఇంటికి రాగానే చీలమండల దగ్గర, మోకాళ్ళ వెనక, చెవుల వెనక పిడుదులు, జలగలు పట్టాయేమో చూసుకోవడం కూడా అలవాటు చేసుకున్నాం.

చివరగా గుట్ట దారి. ఇది ఎక్కాలని అత్తయ్యే అడిగారు. నేను అడగలేదు.

ఎత్తు 90 మీటర్లు. పైకి రెండు దారులున్నాయి. ఒకటి నేరుగా 400 మీటర్లలో పైకి చేరుతుంది. రెండోది మెలికలు తిరుగుతూ కిలోమీటరున్నర వెళ్తుంది. పొడవు చూసి మొదటిదే సులువు అనుకుంటాం. లెక్కేస్తే మొదటిదానిలో ప్రతి 100 అడుగులకూ 22 అడుగులకు పైగా ఎక్కాలి. రెండోదానిలో 6 అడుగులే. మోకాళ్ళకు రెండోదే సులువు. మెలికల మధ్య అడ్డంగా కోసుకుంటూ వెళ్ళిన చిన్న చిన్న దారులు కూడా కనిపిస్తాయి. వాటిలో అడుగు పెట్టొద్దని బాబుకు చెప్పాను. మనుషులు అడ్డంగా దిగిన చోట గడ్డి చచ్చిపోతుంది, వాననీళ్ళు ఆ గాడి పట్టుకుని నేరుగా దిగుతాయి, కింద మెలిక కోసుకుపోతుంది. నేను చూసేటప్పటికే ఒకచోట అలా కోసుకుపోయి ఉంది.

అత్తయ్య కోసం నడక కర్రలు రెండు తెచ్చాను. పొడవు మార్చుకునే రకం. చదును మీద మోచెయ్యి లంబకోణంలో వంగేంత పొడవు, దిగేటప్పుడు ఇంకాస్త పెంచాలి. దిగేటప్పుడు ఒంటి బరువు మోకాళ్ళ మీద ఎక్కువ పడుతుంది. కర్రలు ముందు ఆనిస్తే ఆ బరువులో కొంత చేతులు తీసుకుంటాయి. ఆవిడకు మొదట ఇష్టం లేదు. “నలుగురూ ఏమనుకుంటారు” అన్నారు. మా ఆయన “అమ్మా, పెద్దపెద్ద కొండలు ఎక్కేవాళ్ళు కూడా ఇవే వాడతారు” అని ఫోన్‌లో ఫోటోలు చూపించారు. ఇంటి వెనక రెండు రోజులు ప్రాక్టీసు చేశారు.

మొదటిసారి పైదాకా వెళ్ళలేకపోయాం. ఇంకో పది నిమిషాల్లో పైన ఉంటామనగా దూరంగా మెరిసింది. లెక్కపెట్టాను. 24 అంకెల తర్వాత ఉరుము. శబ్దం 3 సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు వెళ్తుంది కాబట్టి పిడుగు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే వెంటనే భద్రమైన చోటికి చేరాలని నేను చదివాను. “ఇంకో పది నిమిషాలేగా” అన్నారు మా ఆయన. బాబుకు ఏడుపొచ్చింది. నేను ఒప్పుకోలేదు. గుట్ట తల మీద, బోడిగా ఉన్న చోట, ఆ సమయానికి ఉండకూడదు. ఒంటరి చెట్టు కిందా నిలబడకూడదు. వెనక్కి తిరిగి, తొందరపడకుండా, జారకుండా దిగి కారులో కూర్చుని అద్దాలు ఎత్తేశాం. చివరి ఉరుము వినపడ్డాక అరగంట దాకా బయటికి రాలేదు. పైదాకా వెళ్ళి ఉంటే ఆ ఉరుముల్లో దారిలోనే ఎక్కువసేపు ఉండిపోయేవాళ్ళమేమోనని ఆ రాత్రి ఆయనే అన్నారు.

రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఆకాశం నిర్మలంగా ఉంది. ప్రతి మెలిక దగ్గరా అత్తయ్య ఆగారు, ప్రతిచోటా నీళ్ళు తాగారు. గంటా పది నిమిషాలకు పైన ఉన్నాం. అక్కడ ఒక వెడల్పాటి బండ ఉంది. దాని మీద కూర్చుని ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పాపను పక్కన కూర్చోబెట్టుకుని, “అదిగో మనం మొదట తిరిగిన చెరువుకట్ట. అదిగో రైలు దారి. చూశావా, గీత గీసినట్టు ఎంత తిన్నగా ఉందో” అని వేలితో చూపించడం మొదలుపెట్టారు. పైనుంచి చూస్తే నిజంగానే మూడు దారులూ కనపడతాయి. నేను ముందు వెళ్ళినప్పుడు గమనించలేదు.

దిగడానికి గంట పట్టింది. ఎక్కడా కూర్చుని జరగాల్సిన పని రాలేదు. ఆ సాయంత్రం మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగితే “కొంచెం లాగుతున్నాయి, నొప్పి లేదు” అన్నారు. తర్వాత నా నోట్‌బుక్ ఒకసారి ఇమ్మన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, గుట్ట దారి పేజీ తీసి, నేను రాసినదాని కింద తన చేత్తో ఇలా రాశారు: ‘నాలుగో మెలిక దగ్గర బండ కూర్చోడానికి మరీ పల్లంగా ఉంది, లేవడం కష్టం. అయిదోది బాగుంది. దిగేటప్పుడు రెండో మెలిక దగ్గర రాళ్ళు కదులుతున్నాయి. కర్ర ముందు ఆనించి చూసుకోవాలి.’